పైన ఒక్క వరుస

సుభాషిణికి చెప్పిందే మళ్ళీ చెప్పడమంటే గిట్టదు. ఆ లైసెన్సు కాగితాలు చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది.

అనంతపురంలో ఖాదర్ సారు తన ఇంటి ముందుగదిలోనే బడిపిల్లల కోసం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు ఏరి, అన్నిటినీ ఒక మూటగా కట్టి, పెన్‌డ్రైవుల్లో పంచేవారు. ఆ పనే నేర్చుకుంటోంది సుభాషిణి. ఒక్కో సాఫ్ట్‌వేరు వెంట దాన్ని రాసినవాళ్ళ లైసెన్సు ఒక చిన్న ఫైలుగా ఉండేది. వాడుకోండి, మార్చుకోండి, ఎవరికైనా ఇచ్చుకోండి, ఈ కాగితం మాత్రం తీసెయ్యకండి అని. అట్లాంటివి మూడువందల పైచిలుకు. అన్నిట్లోనూ ఇంచుమించు అవే మాటలు.

సారు ఊళ్ళో లేని వారం చూసి ఆమె వాటిని రకాలుగా విడదీసింది. తిప్పి తిప్పి చూస్తే నాలుగు రకాలే తేలాయి. రకానికొకటి ఉంచి, మిగతావన్నీ తీసిపారేసి, కొత్త మూటను అరవై బడులకు పంపేసింది. చురుకైన పిల్ల, అక్కడే వచ్చింది చిక్కు.

సారు రాగానే సంబరంగా చెప్పింది. "అన్నీ ఒకటే సార్. పైన ఒక్క వరుసే తేడా."

"ఆ వరుసలో ఏముంది?"

"రాసినవాళ్ళ పేరు సార్."



మర్నాడు ధర్మవరం నుంచి కుళ్ళాయమ్మ వచ్చింది. చీరలు నేసే మనిషి. ఆమె తమ్ముడు లోకనాథ ఒకప్పుడు సారు శిష్యుడే. కంప్యూటర్లో తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేరు రాసి, ఇరవై ఆరేళ్ళకే జ్వరంతో పోయాడు.

"మా బడికి కొత్తది వచ్చిందంటే పోయినా సార్. పోయినసారి మావాని పేరు సూపించినారు. ఈసారి యాడా లేదంటారు."

సుభాషిణి గబగబా కంప్యూటరు తెరిచింది. లోకనాథ సాఫ్ట్‌వేరు ఉంది, తెలుగు అక్షరాలు చక్కగా పడుతున్నాయి. లైసెన్సూ ఉంది. దాని పైన ఎవరిదో, ఎన్నడూ వినని పేరు.

"ఎండన పడి వచ్చింది పాపం. లోకనాథ గ్లాసులో మజ్జిగ తీసుకురామ్మా," అన్నారు సారు.

వంటింటి అరలో పదకొండు స్టీలు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. శిష్యులు పని నేర్చుకుని వెళ్తూ తలా ఒకటి ఇచ్చినవి. అన్నీ ఒకే కొలత, ఒకే మెరుపు. సుభాషిణి చెక్కిన పేర్ల కోసం ఒక్కొక్కటే తిప్పి చూస్తూ పోయింది. తొమ్మిదోది అతనిది.

కుళ్ళాయమ్మ మజ్జిగ తాగలేదు. అంచు కింద చెక్కిన అక్షరాల మీద వేలు పెట్టుకుని అట్లాగే కూర్చుంది.

సుభాషిణికి ఏడుపొచ్చింది. "అరవై బడులకూ మళ్ళీ పంపిస్తాను సార్."

"పంపు. వాళ్ళు ఈపాటికి ఇంకెందరికి ఇచ్చారో. ఇచ్చుకోమన్నది మనమే కదా."

సుభాషిణి మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది. "అన్నీ ఒకటే అనుకున్నాను సార్."

సారు గ్లాసుల అర వైపు చూశారు.

"ఒకటేనమ్మా," అన్నారు. "పైన ఒక్క వరుసే తేడా."