ల్యాబు తాళానికి హారతి

వ్యాపార నిర్వహణతో పాటు కంప్యూటర్లూ నేర్పే డిగ్రీ అని ఊరంతా బోర్డులు పెట్టించాడు కాలేజీ చైర్మన్ పట్టాభి. ఆ కంప్యూటర్ల గది తాళం మాత్రం ఒక్కరోజైనా తీస్తే ఒట్టు! పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయట! చదువంతా నల్లబల్ల మీదే.

దసరాకి ఆయుధపూజ పెట్టి, కొత్తగా చేరబోయే పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచాడు. ఆఖరి ఏడాది చదివే నూకరత్నానికి తాళంచెవి ఇచ్చి, పూజ ఏర్పాట్లు చూడమన్నాడు. ఆమె తలుపు తియ్యలేదు. తాళానికే పసుపు రాసి, బొట్టు పెట్టి, అందరూ చూస్తుండగా హారతిచ్చింది.

"బుద్ధుందా నీకు? పూజ కంప్యూటర్లకా, తాళానికా?" అరిచాడు చైర్మన్.

"పనిచేసే వస్తువుకే కదండీ ఆయుధపూజ! మేం చేరిన రోజు నుంచీ ఇక్కడ పనిచేసింది ఈ తాళం ఒక్కటేనండీ!" అంది నూకరత్నం.