ముప్పై ఒకటో నిమిషం

ఎవరైనా ప్రశ్న అడిగితే కామేశ్వరిగారు జవాబు చెప్పేవారు కారు. చేతిసంచీ భుజాన వేసుకుని లేచేవారు. డ్యాముల మీది యంత్రాలను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ విభాగానికి ఆవిడే పెద్ద.

ఆ ఉదయం, ఆవిడ దగ్గర కొత్తగా పని నేర్చుకుంటున్న నసీమా అడిగింది: "మేడం, పరికరంలోకి ఎవరు రావచ్చో కాపలా పెట్టడం సరే. దాని గడియారానికి టైము చెప్పేవాళ్ళకి కూడా అనుమతుల జాబితా ఎందుకండీ? ఎవరు చెప్పినా పదంటే పదే కదా!"

కామేశ్వరిగారు సంచీ అందుకున్నారు. "పద. సింహాద్రి విచారణ ఇవాళే."

సింహాద్రి డ్యాము గేట్లెత్తే మనిషి. సైరన్ వేశాక ముప్పై నిమిషాలు ఆగి గేటెత్తాలి. కింద నదిలో ఉన్నవాళ్ళు ఒడ్డెక్కాలి కదా. పోయిన నెల వల తీసుకుంటున్న జాలరి ఒకడు ఆ నీళ్ళకి కొట్టుకుపోయాడు. సైరన్ పది ఇరవైకి మోగిందని సైరన్ యంత్రం రాసింది. గేటు పది ఇరవయ్యేడుకి లేచిందని గేట్ల గదిలోని స్విచ్ రాసింది. స్విచ్ అంటే దీపం వేసేది కాదు. యంత్రాల మధ్య కబుర్లు మోసే పెట్టె. ఏ కబురు ఎప్పుడొచ్చిందో తన గడియారం చూసి రాసుకుంటుంది. ఏడంటే ఏడు నిమిషాలు! సింహాద్రిని జైలుకి పంపడానికి ఆ రెండు అంకెలు చాలు.

"ముప్పై అయ్యాక ఇంకో నిమిషం కూడా ఆగేనమ్మా," అన్నాడు సింహాద్రి చేతి గడియారం చూపిస్తూ. "నీళ్ళమీద ఎవరైనా ఉండిపోయారేమోనని."

"నీ చేతి గడియారం సాక్ష్యానికి పనికిరాదయ్యా," అన్నారు విచారణాధికారి రంగాచారి, ఫైల్లోంచి తలెత్తకుండా.

విచారణ గేట్ల గదిలోనే. నసీమా తన ల్యాప్‌టాప్ తగిలించి స్విచ్‌ని తెరిచి చూసింది. దాని గడియారం ఇరవైనాలుగు నిమిషాలు వెనకుంది.

"ఒక్క కమాండు మేడం, ఇప్పుడే సరిచేసేస్తాను," అంటూ చెయ్యి చాపింది.

కామేశ్వరిగారు ఆ మణికట్టు పట్టుకున్నారు. "ముట్టుకోకు. ఈ గదిలో సింహాద్రి తరఫున మాట్లాడేది ఆ తప్పొక్కటే."

తెరమీది స్విచ్ టైమూ, ప్రధాన కార్యాలయం టైమూ, దానితో సరిపోయిన సైరన్ యంత్రం టైమూ పక్కపక్కన రాయించి, రంగాచారిచేత సంతకం పెట్టించారు. ఆ తర్వాతే నసీమాని పాత నమోదులు వెతకనిచ్చారు. రెండు నెలల కిందట ఎవరో కాంట్రాక్టరు ఆ స్విచ్ తీగకి ఒక కెమెరా పెట్టె తగిలించాడు. దాని గడియారం మొదట్నుంచీ ఇరవైనాలుగు నిమిషాలు వెనకే. ఆ రోజునుంచీ స్విచ్ ఆ పెట్టె చెప్పిన టైమే నమ్ముతోంది. దాని మాట వినొద్దని ఎవరూ చెప్పలేదు మరి.

రంగాచారి పది ఇరవయ్యేడుకి ఇరవైనాలుగు కలిపారు. మళ్ళీ కలిపారు. సైరన్ మోగాక ముప్పై ఒక్క నిమిషం.

సింహాద్రి గడియారం విప్పి, పంచె కొసతో అద్దం తుడిచి, తిరిగి కట్టుకున్నాడు. "కొట్టుకుపోయిన ఆ మనిషైతే ఇంక రాడు కదమ్మా," అన్నాడు.

రంగాచారి కలం తీశారు. "ఇంతకీ ఎవరు చెప్పినా వినేలా ఈ స్విచ్‌ని వదిలేసిందెవరు?"

"రాసుకోండి. పి. కామేశ్వరి. ఆరేళ్ళ కిందట."

ఆవిడ సంచీ భుజాన వేసుకుంటూ నసీమాతో అన్నారు: "పొద్దున నువ్వడిగిన ప్రశ్న, ఆ రోజు నేనెవర్నీ అడగలేదమ్మా."