ఓబుళయ్య సారు కోసిన మార్కు

ఓబుళయ్య సారును ఏదైనా అడగాలంటే ముందు ఆయన పక్కన కూర్చుని శనక్కాయలు ఒలవాలి. హెడ్మాస్టరుగా రిటైరై పదేళ్ళయినా, ఆయన దగ్గర చదువుకుని టీచర్లమైన మేము ఆదివారం పొద్దున ఆయన వసారాలో చేరుతుంటాం. ఆయన చేట ముందుకు తోస్తారు. అడిగినదానికి ఒక పట్టాన జవాబు రాదు, పొట్టు మాత్రం కుప్ప పడుతుంది. మా చేత ఊరికే పని చేయించుకుంటున్నారని నేను చాలాకాలం అనుకున్నాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటాను.

ఆ ఆదివారం అడిగింది వకుళ. పక్క ఊరి బడిలో టీచరు, భర్త మిలిటరీలో ఉంటాడు.

"సార్, మా ఆయనకు ఆగస్టులోనే సెలవు దొరికింది. పిల్లోణ్ణి తీసుకుని విశాఖ పోతున్నాం. వాడికి పన్నెండు రోజులు బడి పోతుంది. ఆ రోజులు దండగ కాకుండా చదువు ఎట్లా చెప్పాలి?" అని బ్యాగులోంచి కాగితం తీసింది. అమ్మో, అది కాగితమా! రైలులో స్టేషన్ల పేర్లు వరసగా రాయడం, పొద్దున్నే సూర్యోదయం మీద ఐదు వాక్యాలు, సముద్రం ఒడ్డున ఆటుపోట్ల పాఠం, సాయంత్రం పరీక్ష. మా బడిలో కూడా ఇంత గట్టి టైంటేబుల్ లేదు.

సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ ఆయనకు మళ్ళీ సెలవు ఎప్పుడమ్మా?" అన్నారు.

"మళ్ళీ ఏడాదికే సార్."

సారు లేచారు. లోపలికి పోయి ఇనపపెట్టె తెరిచి, అట్ట మాసిన నోటుబుక్కు ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నారు. వాకిట్లో బియ్యం ఏరుతున్న ఆయన భార్య సుంకులమ్మగారు తలెత్తి, "ఇప్పుడు అదెందుకయ్యా?" అంది. "పిల్ల అడిగింది, చెప్పాలి గదా," అన్నారు సారు. ఆమె బియ్యం చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయన మాకు చెప్పింది ఇది.

సుంకులమ్మగారి పుట్టినూరు ఏటి ఒడ్డున ఉండేది. ప్రాజెక్టు కట్టినప్పుడు మునిగిపోయింది. తలుపులూ దూలాలూ పీక్కుని జనం తలో దిక్కు పోయారు. రాతి గడపలు మాత్రం నీళ్ళకింద ఉండిపోయాయి. ఆ మరుసటి ఏడాదే ఆమె తల్లి కూడా పోయింది. అందుకని వీళ్ళ ఒక్కగానొక్క కూతురు వసుంధరకు అమ్మమ్మ ఇల్లంటే ఏమిటో తెలియదు. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళప్పుడు వానలు వెనకబడ్డాయి. జూన్ నెలాఖరుకు నీళ్ళు బాగా తగ్గి ఊరు బయటపడిందని కబురొచ్చింది. "నాలుగు రోజులు పోయొద్దామయ్యా, బిడ్డకు మా గడప చూపిస్తా," అని ఆమె అడిగింది. పెళ్ళయ్యాక నోరు తెరిచి అడిగింది అదొక్కటేనట.

సారుకు చిక్కొచ్చిపడింది. బడులు తెరిచి అప్పటికి రెండు వారాలు. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బడి మానిపించొద్దని చెప్పే మనిషి సొంత కూతుర్ని మానిపిస్తే ఊరు నవ్వదా? ఆలోచించి ఆలోచించి ఒక దారి కనిపెట్టారు. ఇది సెలవు కాదు, విజ్ఞానయాత్ర. కూతురి చేత లీవులెటరు అట్లాగే రాయించి, దానిమీద తానే సంతకం పెట్టి, కొత్త నోటుబుక్కు కొన్నారు. రోజుకు నాలుగు పేజీలు. బడిలో ఆయన పెట్టిన నియమమే అక్కడా: పేజీ పూర్తి కాందే లేవకూడదు.

మొదటి రెండు రోజులు ఆనకట్టకూ, కరెంటు తయారయ్యే చోటుకూ సరిపోయాయి. ఊరి దగ్గరికి చేరేసరికి మూడో రోజు మధ్యాహ్నం దాటింది. ఒడ్డున నిలబడితే అర మైలు దూరాన, ఎండి బీటలు వారిన ఒండ్రుమట్టిలో మొండిగోడలు కనిపిస్తున్నాయి. సుంకులమ్మగారి సంచిలో పసుపు, కుంకుమ, బెల్లం, ఎర్ర పావడా గుడ్డ ఉన్నాయి. అమ్మమ్మ ఇంటికి తొలిసారి పోయిన మనవరాల్ని వట్టి చేతులతో పంపరు గదా! పెట్టడానికి తల్లి లేదు కాబట్టి, పిల్లను ఆ గడపమీద నిలబెట్టి తల్లి పేరున తానే పెట్టాలని ఆమె ఆశ.

ప్రాజెక్టువాళ్ళ పాడు బోర్డు ఒకటి ఆ ఒడ్డుమీదే ఉంది. ఎన్ని గేట్లు, ఎంత ఎత్తు, ఎన్ని ఎకరాలకు నీళ్ళు, అన్నీ రాసి ఉన్నాయి. సారు కళ్ళు మెరిశాయి. పిల్లను దాని ముందు కూర్చోబెట్టి, అదంతా నోటుబుక్కులోకి ఎక్కించి నది పటం గీయమన్నారు.

"నేను ముందు పోయి గడప కడిగి పెడతా, బిడ్డను తొందరగా పంపు," అని ఆమె ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ దగ్గర బిందె అడిగి తీసుకుని వెళ్ళింది.

పిల్ల పటం గీసింది. నది వంపు తప్పింది, చెరిపించారు. మళ్ళీ గీసింది, మళ్ళీ చెరిపించారు. దూరాన సుంకులమ్మగారు గడప దగ్గర నిలబడి కొంగు ఊపుతోంది. "నాయనా, అమ్మ పిలుస్తోంది," అంది పిల్ల. "ఇంకో రెండు లైన్లే గదమ్మా, రాసి పో," అన్నారు సారు. అంతలో పొద్దు వాలింది. ఎగువన వానలు పడి పై ఆనకట్ట గేట్లు ఎత్తారంట, నీళ్ళు వస్తున్నాయి, లోపలున్నోళ్ళంతా బయటికి రండని చేపలు పట్టేవాళ్ళు కేకలు పెట్టారు. ఆమె తడికాళ్ళతో ఒంటరిగా తిరిగొచ్చింది. సంచి అట్లాగే ఉంది. "రేపు పొద్దున్నే పోదాంలే," అంది.

తెల్లవారి పోయి చూస్తే గోడల్లేవు, గడపల్లేవు. ఎటు చూసినా ఎర్రనీళ్ళే. తర్వాత ఎన్నో ఏళ్ళకు మళ్ళీ నీళ్ళు తగ్గినప్పుడు సారు ఒక్కరే పోయి చూసొచ్చారట. ఊరిమీద నిలువెత్తు ఒండ్రు మేట వేసి ఉందట.

"ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ ఊరి పేరు మళ్ళీ ఎత్తలేదు. నాలుగు తిట్టినా బాగుండేది," అన్నారు సారు. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నా బతుకు అట్లా అయింది. ఆ పావడా గుడ్డ ఇంకా ఆ పెట్టెలోనే ఉంది."

వకుళ కాగితం శనక్కాయల పొట్టులో పడి ఉంది, ఆమె దాన్ని తీసుకోలేదు. సారు ఒళ్ళోని నోటుబుక్కు అందుకుని తిప్పింది. గేట్లు, ఎకరాలు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలు. చివరి పేజీ మీద 'అమ్మ పుట్టిన ఇల్లు' అని పేరు పెట్టి ఉంది. దాని కింద ఒక్క ముక్క లేదు. ఊరికి తిరిగొచ్చాక సారు ఎర్రసిరాతో దిద్దినట్టున్నారు: 'అసంపూర్ణం. ఒక మార్కు తగ్గించడమైనది.' కింద సంతకం.

నేను ఉండబట్టలేకపోయాను. "తొమ్మిదేళ్ళ పిల్లకు మార్కు కోశారా సార్?"

"కోశాను నాయనా," అన్నారు ఓబుళయ్య సారు. "ఎవరికి కోయాలో అప్పుడు తెలీలేదు."