మబ్బు రోజున వెచ్చని రాయి

మా గురువుగారు చిదంబరయ్యగారికి కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరు ఏ ప్రశ్న అడిగినా చేతికర్ర అందుకుని లేచేవారు. అడిగినవాడు వెంట నడవాల్సిందే. మోకాళ్ళ నొప్పులున్న మాబోటివాళ్ళం ఆయన్ని ప్రశ్నలడగడం ఎప్పుడో మానేశాం. శేషగిరికి మాత్రం వయసూ ఉంది, ప్రశ్నలూ ఉన్నాయి.

మా ఆశ్రమం బడిలో పిల్లల బాధ్యత శేషగిరిది. మృగశిర కార్తె వానలు పడ్డాక, వంక నీళ్ళ పక్కనున్న రాళ్ళ నేలలో పిల్లలచేత అరవై కానుగ మొక్కలు నాటించాడు. ఆ సాయంత్రం నేరుగా గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"గురువుగారూ, ఓబులమ్మను ఇంటికి పంపేద్దామనుకుంటున్నాను. పిల్లలంతా ఒళ్ళు వంచి పనిచేస్తుంటే ఈ పిల్ల చెప్పాపెట్టకుండా పరుగెత్తింది, మధ్యాహ్నందాకా రాలేదు. ఎందుకెళ్ళావంటే నోరు విప్పదు. చెప్పిన మాట వినని పిల్లకు చెట్టునూ చేమనూ కాపాడటం ఎలా నేర్పాలి?"

ఓబులమ్మ గొర్రెలు కాసేవాళ్ళ బిడ్డ, పదేళ్ళుంటాయి. ఎంతో బతిమాలితే తండ్రి బడికి పంపాడు. ఒకసారి వెనక్కి వెళ్తే మళ్ళీ రానివ్వడని మాకందరికీ తెలుసు. ఆ పిల్ల అరుగు కింద తల వంచుకుని నిలబడే ఉంది.

గురువుగారు కర్ర అందుకున్నారు. "నీ మొక్కలు చూద్దాం పద."

నా మోకాళ్ళను తిట్టుకుంటూ నేనూ వెళ్ళాను. రమ్మని ఎవరూ అనకపోయినా ఓబులమ్మ కాస్త ఎడంగా వెంట వచ్చింది.

మొక్కలు నిజంగానే ముచ్చటగా ఉన్నాయి. ఒక్కో మొక్క చుట్టూ సున్నం పూసిన గుండ్రాళ్ళు, ముగ్గు పెట్టినట్టు. శేషగిరి సంబరంగా చెప్పుకుపోయాడు.

"ఉత్త పనికిరాని నేల, గురువుగారూ. గడ్డి కూడా సరిగ్గా మొలవదు. చిన్నపిల్లలు బుట్టలతో రాళ్ళు ఏరారు. తీతువు పిట్టొకటి పొద్దుటినుంచీ మా తలలమీద తిరుగుతూ ఒకటే అరుపు. శుభమా అని మొక్కలు నాటుతుంటే ఆ కూతేమిటని మట్టిపెళ్ళలు విసిరి తోలేశాం."

తోలినవాళ్ళలో నేనూ ఉన్నాను. తీతువు కూస్తే కీడని మా అమ్మ చెప్పింది, ఆవిడకు వాళ్ళమ్మ చెప్పింది. ఎందుకు కూస్తున్నావని పక్షిని మాత్రం ఎవరూ అడగలేదు.

"అప్పుడు ఓబులమ్మ ఏం చేసింది?" అన్నారు గురువుగారు.

"బుట్టలో చెయ్యి పెట్టి, ‘ఈ రాళ్ళు ఎచ్చగుండాయి అయివారూ’ అంది. ఎండకు రాళ్ళు వెచ్చబడవా, పోయి సున్నం పుయ్యి అన్నాను. అందులో ఒక రాయి తీసుకుని ఉరికింది."

గురువుగారు ఆగిపోయారు.

"ఇవాళ ఎండ కాసిందా, శేషగిరీ?"

కాయలేదు. తెల్లవారినప్పటినుంచీ మబ్బే.

శేషగిరి మోకాళ్ళమీద కూలబడి ఒక్కో మొక్క దగ్గరా రాళ్ళు తడుముతూ పోయాడు. మూడో వరసలో ఒక రాయి పట్టుకున్నాడు. దానికి రాయి బరువు లేదు. వేళ్ళ మధ్య సున్నం పెచ్చు లోపలికి కుంగి, పసుపూ ఎరుపూ కలిసిన తడి అరచేతిలోకి జారింది. పక్కనే అలాంటివి ఇంకా రెండు, తెల్లగా, చల్లగా.

"గుడ్లని తెలిసీ ఎందుకు చెప్పలేదే?" అని ఓబులమ్మను గద్దించాను. అంత సిగ్గుమాలిన మాట నా జన్మలో అనలేదు.

"ఎచ్చగుండాయని చెప్తి గదా," అంది ఆ పిల్ల. "ఒకటి మాత్రం దాని చోట్లోనే పెట్టేసి, పిట్టొచ్చి కూసునేదాకా కాపలా ఉంటి. అది యాడుందో చెప్తే దానికి గూడా సున్నం పూస్తారని పలకల్యా."

చెయ్యి చాపి చూపించింది. ముప్పై అడుగుల దూరంలో, రాళ్ళ మధ్య, కదలకుండా ఒక తీతువు కూర్చుని ఉంది. అది మమ్మల్ని ఎప్పటినుంచి చూస్తోందో తెలియదు. మేం దాన్ని అప్పటిదాకా చూడనే లేదు.

శేషగిరి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళబోయి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేశాడు. చుట్టూ వంకదాకా రాళ్ళే. వాటిలో ఏది రాయో, ఏది కాదో మాకు తెలియదు. అంతదూరం కిందికి చూడకుండా, కబుర్లాడుకుంటూ నడిచి వచ్చేశాం.

"గురువుగారూ, ఈ పిల్లకు నేనేం నేర్పను?" అన్నాడు శేషగిరి.

గురువుగారు తన చేతికర్ర ఓబులమ్మకు అందించారు.

"నువ్వు ముందు నడువమ్మా," అన్నారు. "మీ అయివారు నీ అడుగులో అడుగు వేస్తాడు."