కామినేడు తెచ్చిన కప్ప

మూడేళ్లు వరసగా వానలు మొహం చాటేసినా, కొండవాగు రాజు మేఘనాథ భూపాలుడికి ఆ సంగతి పెద్దగా తెలియలేదు. కోటలో బావి ఎండలేదు, పళ్లెంలో తమలపాకు వాడలేదు. నాలుగో ఏడు పన్నీరు బండి రాకపోయేసరికి మాత్రం, లోకంలో కరువనేది ఒకటుందని ప్రభువులకు తోచింది.

"రేపే కప్పతల్లి ఊరేగింపు జరిపిస్తాం! సాక్షాత్తూ రాజు చేయిస్తే వాన రాకేం చేస్తుంది?" అన్నాడు.

కప్పతల్లి ఆట పల్లెల్లో ఆడవాళ్లు ఆడేది. రోకలికి వేపమండలూ ఒక కప్పనూ కట్టి, భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి గడపలోనూ ఆ కప్ప మీద చెంబెడు నీళ్లు పోస్తారు. రాజుగారికి ఈ ఆటేమిటని పండితులు బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకుని, తర్వాత "భేష్" అన్నారు.

రాజు పక్కనే తమలపాకుల సంచి పట్టుకుని నిలబడే అడపకాడు ఓబన్నకు మాత్రం అక్క మాటలే గుర్తొచ్చాయి. ఆ పొద్దున్నే వాళ్లక్క అచ్చమ్మ రాళ్లపాడు నుంచి నడిచి వచ్చి వెళ్లింది.

"మేమూ కప్పతల్లి ఆడాం తమ్ముడూ. ఎంత వెతికినా కప్ప దొరక్క, గుడ్డపేలికలతో చేసి కట్టుకున్నాం. పొయ్యడానికి నీళ్లు లేక జనం ఉత్త చెంబులే వంచారు. పెద్దచెరువు తూము ఎత్తితే గొడ్లన్నా బతుకుతాయి. లేదా, ఎల్లుండి పొద్దున్నే బండ్లు కడుతున్నాం. ఊరు ఖాళీ," అని ఆ గుడ్డ కప్పను తమ్ముడి చేతిలో పెట్టింది. ఏడవలేదు. ఏడ్చినా ఓబన్నకు కొంత నయంగా ఉండేది.

ఆ తూము మీద పెత్తనం చెరువుల అధికారి కామినేడుది. ఎప్పుడడిగినా ఆయనది ఒకటే మాట: "పెద్దచెరువులో చుక్క లేదు ప్రభూ!" గట్టు మీదికి పిట్టను కూడా పోనివ్వకుండా కాపలా పెట్టాడు. లేని నీళ్లకు కాపలా ఎందుకని రాజు అడగలేదు. ఎండన పడి వెళ్లి చూడటం ఆయన ఒంటికి పడదు.

కామినేడుకు ఒక జబ్బుంది. పక్కవాడి పెరట్లో గుమ్మడికాయ తన గుమ్మడికాయకంటే పెద్దదైతే ఆ పూట ఆయనకు అన్నం సయించదు. ఈ సంగతి ఓబన్నకు బాగా తెలుసు.

తాంబూలం చుట్టి అందిస్తూ మెల్లగా అన్నాడు: "ప్రభూ, పల్లెల్లో ఆడినా వాన రాలేదంటే తప్పు కప్పలది. బక్కచిక్కిన కప్ప పిలిస్తే మబ్బులకేం వినబడుతుంది? రాజ్యంలోకెల్లా బలిసిన కప్ప కావాలి."

రాజుకు ఈ మాట తెగ నచ్చింది. "రేపు సభకు అన్నిటికంటే లావైన కప్పను తెచ్చినవాడికి నా చేతి కంకణం!"

మర్నాడు సభ కిటకిటలాడింది. సేనాపతి తెచ్చిన కప్ప బొటనవేలంత ఉంది. పురోహితుడు తెచ్చింది కట్టెలా బిగుసుకుపోయి ఉంది. అది ధ్యానంలో ఉందని ఆయన వాదన. ఓబన్న సంచిలోంచి గుడ్డ కప్పను తీసేసరికి సభంతా గొల్లుమంది.

"ఇదేమిటోయ్?" అన్నాడు రాజు.

"రాళ్లపాడు కప్ప ప్రభూ. ఆ చుట్టుపక్కల మిగిలింది ఇదొక్కటే."

ఇంతలో కామినేడు వేంచేశాడు. వెనక ఇద్దరు నౌకర్లు గంగాళం మోసుకొచ్చి మూత తీశారు. లోపల జానెడు కప్ప, నిగనిగలాడుతూ, సభ వంక చూసి బెకబెకమంది.

ఓబన్న చేతులు జోడించాడు. "అయ్యగారూ, ఇంత కప్పను ఏ సంతలో కొన్నారు?"

"కొనడమేమిట్రా!" కామినేడు మీసం దువ్వాడు. "మా మామిడితోట కొలనులో పుట్టి పెరిగింది. పైగా ఇది నడిపిది. దీని అన్న చేతికి చిక్కలేదు. రాత్రిళ్లు వీటి గోలకు మాకు కన్ను మూతపడదంటే నమ్ము!"

ఎవరూ నవ్వలేదు. కప్ప ఒక్కటే మళ్లీ బెకబెకమంది.

రాజు తాంబూలం నమలడం ఆపాడు. "చెరువులో చుక్క లేదన్నావు. నీ కొలనుకు నీళ్లెక్కడివి?"

"ఊ... ఊట ప్రభూ! దేవుడిచ్చిన ఊట!"

"దేవుడు చల్లనివాడు," అన్నాడు ఓబన్న. "ప్రభూ, రాళ్లపాడు వాళ్లు మొండి ఘటాలు. చెరువు ఎండిందంటే నమ్మరు. వాళ్ల నోరు మూయించడానికైనా ఆ తూము ఎత్తించండి."

"ఎత్తిస్తే?"

"చుక్క లేని చెరువుకు తూము ఎత్తితే ఎవరికి నష్టం? అయ్యగారి ఊట అయ్యగారికి ఉండనే ఉంది."

"సబబే," అన్నాడు రాజు. "ఎవరక్కడ! వెళ్లి తూము ఎత్తండి!"

భటులు కదిలారు. కామినేడు పరుగున వెళ్లి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"వద్దు ప్రభూ, వద్దు! ఒక్క నెల ఆగండి! మామిడి పిందె మీదుంది!"

సభ పగలబడి నవ్వింది. అందరికంటే ముందు రాజే నవ్వాడు. తర్వాత ఓబన్న చేతిలో గుడ్డ కప్పను చూసి, సిగ్గుపడి నవ్వు ఆపుకున్నాడు. తూము వెంటనే ఎత్తమన్నాడు.

"అయితే ఓబన్నా, లావు కప్పను తెచ్చింది వీడే. కంకణమిస్తానని నోరు జారానే!"

"ఇవ్వండి ప్రభూ. గెలిచిన కప్పను గెలిచినవారే మొయ్యాలి కదా. ఆ కంకణం చేత్తోనే రోకలి పట్టుకుని రాళ్లపాడులో ఇల్లిల్లూ తిరుగుతారు. ఈసారి ఎవరూ ఉత్త చెంబు వంచరు!"

నవ్వులకు గంగాళంలో కప్ప కూడా బెదిరి కామినేడు తలపాగా మీదికి గెంతింది.

"మరి నీకేం కావాలి?" అని అడిగాడు రాజు, కళ్లు తుడుచుకుంటూ.

"ఒక గుర్రం ఇప్పించండి ప్రభూ. రేపు పొద్దున్నే మా అక్క బండి కట్టేస్తుంది. ఈలోగా వెళ్లి విప్పించాలి."

రాజు తన గుర్రాన్నే ఇచ్చాడు.