రాజు చేత ఇసుక తోడించిన అడవి

మా అడవికి ఒకప్పుడు మూడు నెలల పాటు రాజు లేడు. నవ్వకండి. ఆ మూడు నెలలూ మమ్మల్ని మేమే ఏలుకున్నాం, బ్రహ్మాండంగా ఏలుకున్నాం. కొండముచ్చుని, మద్దిచెట్టు మీద కూచుని అంతా కళ్ళారా చూసినదాన్ని, నా మాట నమ్మండి.

మాఘమాసం ఆఖర్లో మా ముసలి పులిరాజు కన్నుమూశాడు. వారసులు లేరు. మంత్రిగా ఉన్న నక్క మూడు రోజులు వెక్కి వెక్కి ఏడ్చాడు. ప్రభువు మీద ప్రేమతో అనుకునేరు! ప్రభువు తిని వదిలేసే ఎముకల మీద ప్రేమతో.

"రాజు లేకపోతే మీలో మీరే కుమ్ముకు చస్తారర్రా, రాసి పెట్టుకోండి!" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, వాడన్నట్టే అయ్యేది. ఆ ఏడు వాగు తొందరగా ఎండిపోయింది. ఇసుక తవ్వితే అడుగున నీరు ఊరే చెలమ ఒక్కటే మిగిలింది. మొదటి రోజు అందరం ఒక్కసారే మీద పడ్డాం. నాలుగు పక్కలా ఇసుక జారి చెలమ పూడిపోయింది. ఎవరికీ గుక్కెడు దక్కలేదు.

అప్పుడు నోరు విప్పింది అడవిదున్న మల్లక్క. పాపం, చూలుతో ఉంది.

"ఇట్లా కాదర్రా. వరుసలో తాగుదాం. తల్లులూ పిల్లలూ ముందు, ముసలీ ముతకా తర్వాత, బలమున్నవాళ్ళు ఆఖరున. తాగినవాళ్ళు జారిన ఇసుక తోడేసి, వెనకవాళ్ళకి నీరు ఊరేట్టు చేసి మరీ పోవాలి."

"వరుస చూసే పెత్తనం ఎవరిది? నీదేనా?" అని గుర్రుమన్నాడు అడవిపంది వీరన్న.

"నాకెందుకయ్యా! పది రోజులకొకరిది. ముందు కుందేలుతో మొదలెడదాం."

అందరం కిసుక్కున నవ్వాం. కుందేలు సీతాలు మాత్రం నవ్వలేదు. మర్నాడు వీరన్న ముందుకు దూరబోతే చెవులు నిక్కబొడుచుకుని అడ్డం నిలబడింది.

"వెనక్కి నడు మామా!"

"తొక్కానంటే అప్పడమైపోతావే!"

"తొక్కు. మరి రేపు ఇంకో పెద్దోడొచ్చి నిన్ను తోసేస్తే ఎవరు అడ్డమొస్తారు?"

వీరన్న కాసేపు గుర్రుగుర్రుమని, తిరిగి వరుస చివరికి పోయాడు. నాకు ఆనందం పట్టలేక కొమ్మలన్నీ ఊపి పారేశాను. అంత పెద్ద పంది అంత చిన్న కుందేలు మాట వినడం మా అడవిలో అదే మొదలు.

నక్క మాత్రం రోజూ నీళ్ళు తాగేవాడు. తోడమంటే "అబ్బా, కాలు బెణికింది" అని కుంటుతూ జారుకునేవాడు. ఒక్క పూటన్నా గుప్పెడు ఇసుక తియ్యలేదు.

వైశాఖం చివర్లో వాడు కొండ దాటిపోయి ఒక పడుచు పులిని వెంటబెట్టుకొచ్చాడు. "ప్రభూ, గద్దె ఖాళీగా ఉంది. చెలమ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, తమరు గట్టున పడుకుంటే చాలు, దాహమేసి జనమే కాళ్ళ దగ్గరికొస్తారు" అని దారి పొడుగునా ఊదాడట.

పులి వచ్చీ రాగానే గట్టెక్కి గాండ్రించాడు. "ఇకమీదట ఈ నీళ్ళు నావి! వరుసలూ గిరుసలూ లేవు. నేను రమ్మన్నవాళ్ళే రావాలి!"

అందరం వెదురుపొదల్లోకి పారిపోయాం. మల్లక్క ఈని అప్పటికి ఆరు రోజులే. నీళ్ళు లేకపోతే పాలుండవు, పాలు లేకపోతే దూడ దక్కదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

"అక్కా, బిడ్డ కోసమన్నా పోయి కాళ్ళు పట్టుకుందాం" అన్నాడు వీరన్న.

"పట్టుకుంటే ఈ పూటకి పోస్తాడు. రేపు నా బిడ్డనే రమ్మంటాడు. అప్పుడేం చేస్తాం?" అంది మల్లక్క. "తోడేవాళ్ళు లేకపోతే చెలమ రెండు రోజులు కూడా ఉండదు. తోడటం వాళ్ళిద్దరికీ రాదు. ఓర్చుకుందాం."

వీరన్న మూతి అరిగిపోయేలా నేల తవ్వి నీరున్న పచ్చిదుంపలు తీశాడు. తను ఒక్కటీ ముట్టకుండా తెచ్చి మల్లక్క ముందు పెట్టాడు. "నమిలి బిడ్డకి పాలియ్యి" అన్నాడు. నాకు ఏడుపాగలేదు.

రెండో రోజుకి చెలమలో తడి ఇసుకే మిగిలింది.

"మంత్రీ, నీళ్ళేవి?"

"ఊరతాయి ప్రభూ."

"ఎప్పుడు?"

నక్క నీళ్ళు నమిలాడు. "మరి... అది... ఎవరో తోడుతుంటారు ప్రభూ."

"అయితే నువ్వే తోడు!"

ముందు అంచుల ఇసుక తీసి, ఆ తర్వాత అడుగుకి పోవాలి. మా పిల్లలక్కూడా తెలిసిన పని. ఒక్కనాడూ చెయ్యి పెట్టని నక్కకెలా తెలుస్తుంది? నడిమధ్య గబగబా గొయ్యి తవ్వాడు. పక్కలు విరిగి మీద పడి మెడదాకా కూరుకుపోయాడు. పులే మెడ పట్టుకుని బయటికి ఈడ్చాడు.

మూడో రోజు ఎండ నడినెత్తికి వచ్చేసరికి పులి నాలుక వేలాడేసుకుని వెదురుపొదల దగ్గరికొచ్చాడు. దున్నలు దూడని మధ్యలో పెట్టుకుని కొమ్ములు బయటికి తిప్పి నిలబడ్డాయి.

"వచ్చి తోడండి!"

"తోడతాం. వరుస మీద" అంది మల్లక్క.

"నేను రాజుని!"

"కాదన్నామా? చెలమ దగ్గర పంజా ఎత్తకూడదు. తాగాక ఇసుక తోడాలి. అట్లా అయితేనే."

"రాజు ఇసుక తోడటమేమిటి, తలవంపులు!"

"దాహమేసింది రాజుకే కదా ప్రభూ?"

పులి ఎండిన వాగు వంక చూశాడు. నక్క వంక చూశాడు. చివరికి తల దించి, "నా వరుసెక్కడ?" అన్నాడు.

ఆ పది రోజులూ పెత్తనం వీరన్నది. "బలమున్నవాళ్ళు ఆఖరున, ప్రభూ. నా వెనకాల నిలబడండి" అన్నాడు, తడబడకుండా.

అందరం కలిసి చెలమ తోడాం. ముందు మల్లక్క తాగింది. గంటకల్లా దూడ తల్లి పొదుగు కుమ్మి కుమ్మి పాలు తాగింది. పొద్దు వాలే వేళకి పులి వంతొచ్చింది. కడుపారా తాగి, ఎవరన్నా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, పంజాలతో ఇసుక తోడాడు. నేను చూశానుగా!

ఆషాఢంలో వాగు పారింది. అడవిలో పులి మళ్ళీ రాజే. మీ సొంత ఏలుబడి మూడు నెలల ముచ్చటేనా అని అవతలి అడవివాళ్ళు ఎగతాళి చేస్తుంటారు. చెయ్యనివ్వండి. ఏటా వేసవిలో మా రాజు వరుస చివర నిలబడతాడు. వాళ్ళ రాజు నిలబడతాడేమో కనుక్కు రమ్మనండి.

ఇక నక్క, ఆ ఏడు వానలు తగ్గాక మెల్లగా గద్దె దగ్గరికి పోయి, "ప్రభూ, నా మంత్రి పదవి..." అని నసిగాడు.

"వరుస ఎలా చూడాలో ఆ కుందేలు దగ్గర నేర్చుకుని రా, అప్పుడాలోచిద్దాం" అన్నాడు పులి.

తమని తాము ఏలుకోవడం ఒక్కసారి నేర్చినవాళ్ళని, ఆ తర్వాత ఏ రాజొచ్చినా తన ఇష్టానికి ఏలలేడు.