నాలుగు ఖోకాల మీద అద్దం

ఓబుళపతి తుపాకి బోల్టు మొండికేసింది.

అన్ని తూటాలకూ కాదు. ఒకటి వెన్నలోకి వేలు దిగినట్టు లోపలికి పోయేది. ఇంకోటి కడదాకా పోక బిగుసుకునేది. అరచేత్తో అదిమితే గానీ తూటాను మూసే ఆ బోల్టు దిగేది కాదు. అట్లా అదిమి కాల్చిన గుండు గురి అట్ట మీద ఏ మూలకో పోయి తగిలేది.

ఖాదర్‌వలీ ఉస్తాదు వెనక నిలబడి చూస్తున్నాడు. ఆ కొండ కింద రైఫిల్ క్లబ్బులో గురి నేర్పేదీ ఆయనే, తుపాకులు బాగుచేసేదీ ఆయనే. అయిదు పూటలా నమాజు, మిగతా పొద్దంతా ఆకురాయి. ఓబుళపతి మరోసారి అరచెయ్యి ఎత్తగానే భుజం పట్టుకుని ఆపాడు. బోల్టు వెనక్కి లాగించి, ఆ తూటా తీసి తన జేబులో వేసుకున్నాడు.

"అదిమి మూసేది ట్రంకుపెట్టె అప్పా. తుపాకి కాదు. నీ చెంప పక్కన పేలేది అది."

"తుపాకి బాగానే ఉంది ఉస్తాద్. తూటాలే ఒకదానికొకటి పొడుగు తేడా వస్తాండాయి."

"ఆదివారం పోటీ. శనివారం మాపిటికి నీ తూటాలన్నీ చూస్తా. ఒక్కటి బిగుసుకున్నా నీ పేరు నా నోటితోనే తీసేయిస్తా."

అన్నాడంటే చేస్తాడు. సొంత చెల్లెలి కొడుకు పేరే తీసేయించిన మనిషి. ఆ చెల్లెలు ఇప్పటికీ ఆయన గడప తొక్కదు. తొక్కకపోతే పోనీ, పని పనే.

ఓబుళపతి రాష్ట్రం పోటీకి పోవాలని రెండేళ్ళుగా వేరుశనగ మిల్లులో పని ముగించుకుని ఈ కొండ కిందికి వస్తున్నాడు. పోయినేడు ఒక్క గుండు తేడాతో జారిపోయింది. ఈ ఆదివారం కూడా పోతే ఇంట్లో తుపాకి అమ్మేయమంటారు. ఆ మాట వాళ్ళ నాయన అప్పుడే ఒకసారి అన్నాడు కూడా.

బయట కొన్న తూటాలు పెట్టెకో తీరుగా ఉంటాయి. అందుకని అనుమతి ఉన్నవాళ్ళు పేలిన తూటా ఇత్తడి గొట్టాన్నే మళ్ళీ నింపుకుంటారు. ఆ గొట్టాన్ని వాళ్ళు ఖోకా అంటారు. వాడేకొద్దీ ఖోకా మూతి దగ్గర సాగుతుంది. సాగినంత మేరా ట్రిమ్మరుతో కత్తిరించి కొలతకు తేవాలి. ఓబుళపతి దగ్గర ఉన్నది చేత్తో తిప్పే ట్రిమ్మరు. మొదట్లో ఉస్తాదే ఇచ్చాడు. తిప్పీ తిప్పీ దాని పిడి నల్లబడిపోయింది.

తప్పు ఆ ట్రిమ్మరుదే అని ఓబుళపతి తేల్చేశాడు.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యేసరికి ఓబుళపతి, ఉస్తాదు పనిచేసుకునే కొట్టం ముందు సంచితో నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి బల్ల మీద మూడు ట్రిమ్మర్లు పరిచాడు. ఒకటి తన పాతది. ఒకటి చిన్న లేతు మిషన్ మాదిరి, పక్కన చక్రం ఉన్నది. మూడోది కరెంటు మోటారుది. రెండూ ఊర్లో వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి తెచ్చినవి.

"ఏది కొనమంటారు ఉస్తాద్? మీరు చెప్పిందే కొంటా. సాయంత్రానికి దాని మీదే పని మొదలుపెడతా."

ఉస్తాదు టోపీ తీసి మేకుకు తగిలించాడు.

"నీ మనసులో ఏదుంది?"

"మోటారుది. రేయి పగలు తిప్పినా దాని చెయ్యి వణకదు."

"నా చెయ్యి వణుకుతాదని చెప్పడానికొచ్చినావా?"

"అయ్యో, అట్లెందుకంటాను! నా చెయ్యి సంగతి చెప్తాండా."

"సరే. దాంట్లోనే కత్తిరించు. నాలుగు ఖోకాలు."

ఓబుళపతి సంచిలోంచి పేలిన ఖోకాలు నాలుగు తీశాడు. మోటారు గుయ్యిమంది. ఇత్తడి పొట్టు బల్ల మీద రాలింది. ఒక్కొక్కటీ వెర్నియర్‌తో కొలిచి ఉస్తాదు ముందు పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

ఉస్తాదు కొలత చూడలేదు. నాలుగింటినీ ఇనప పలక మీద చదరంగా నిలబెట్టాడు. గోడకున్న పటం దించి, వెనక మేకులు ఊడదీసి, దాని అద్దం తుడిచి ఆ నాలుగు మూతుల మీద పరిచాడు. ఒక మూల వేలితో తట్టాడు. ఇంకో మూల తట్టాడు. అద్దం కదల్లేదు, చప్పుడు లేదు.

"మంచి మిషను," అన్నాడు.

ఓబుళపతి మొహం వెలిగింది. "నేను చెప్పలా!"

"ఇప్పుడేం చేస్తావు దీన్ని?"

"ఇంట్లో చేసేది ఇంతవరకే గదా ఉస్తాద్. కత్తిరించి పెట్టుకుంటా. ఆదివారం ఆదివారం ఈడికొచ్చి మీ ప్రెస్సులో సైజు చేసుకుంటా. ఆ తర్వాత నింపుకునేదే."

పేలిన ఖోకా ఒళ్ళు ఉబ్బి ఉంటుంది. దాన్ని ప్రెస్సులో పెట్టి డై అనే అచ్చులోకి నొక్కితే మళ్ళీ సన్నబడుతుంది. సైజు చేయడం అంటే అదే. ప్రెస్సు కొట్టంలో ఒకటే ఉంది. ఓబుళపతి ఇంటి నుంచి కొట్టానికి రావాలంటే రెండు బస్సులు మారాలి. అందుకని ఇంట్లో అయ్యే పని ఇంట్లో ముందే చేసుకునేవాడు. అది తెలివైన పనే అని అతని నమ్మకం. కొలిచి పెట్టుకున్నదాన్ని మళ్ళీ కొలవాల్సిన అవసరం ఏముంది?

"అయితే సైజు చెయ్," అన్నాడు ఉస్తాదు.

ఓబుళపతి నాలుగింటికీ నూనె రాశాడు. ఒక్కొక్కటీ ప్రెస్సులో పెట్టి పిడి కిందికి దించి పైకి లాగాడు. నూనె తుడిచి, అవే నాలుగు చోట్ల నిలబెట్టాడు.

ఉస్తాదు అద్దం పరిచి మూల మీద వేలు పెట్టాడు.

టిక్కుమంది.

ఇంకో మూల పెట్టాడు. మళ్ళీ టిక్కుమంది. అద్దం అటూ ఇటూ ఊగింది.

ఓబుళపతి వంగి చూశాడు. వెర్నియర్ లాక్కుని ఒకటి కొలిచాడు. పెరిగింది. రెండోది కొలిచాడు. అదీ పెరిగింది, కానీ మొదటిదంత కాదు. మూడోది, నాలుగోది కూడా తలా ఒక తీరుగా పెరిగాయి.

"ఇత్తడి గదప్పా," అన్నాడు ఉస్తాదు. "పక్కల నొక్కితే పైకి పోతాది."



ఉస్తాదు బల్ల మీది నల్లపిడి ట్రిమ్మరు అందుకున్నాడు. సైజు అయిన ఆ నాలుగింటినీ ఒక్కొక్కటే దాంట్లో పెట్టి తిప్పాడు. ఆయన చెయ్యి నిజంగానే వణుకుతోంది. దాచుకోలేదు. ట్రిమ్మరు అడుగు తగిలేదాకా తిప్పుతూ పోయాడు, తగిలాక ఆపాడు. అద్దం మళ్ళీ పరిచి పక్కకు తప్పుకున్నాడు.

ఓబుళపతి మూల మీద వేలు పెట్టాడు. మెల్లగా పెట్టాడు, గట్టిగా పెట్టాడు. నాలుగు మూలలా పెట్టాడు.

చప్పుడు లేదు.

 బయట ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు. ఓబుళపతి సంచి విప్పి అడుగునున్న డబ్బా తీసి బల్ల మీద బోర్లించాడు. పోటీకని కత్తిరించి, సైజు చేసి, మెరిసేలా తోమి పెట్టుకున్న ఖోకాలన్నీ కుప్పగా పడ్డాయి.

"ఇవన్నీ ఊగుతాయి," అన్నాడు.

"ఊగుతాయి."

"బిగుసుకుంటాండాయని కొన్నిటిని ఎక్కువే కత్తిరించినా. అవి కురచ అయ్యుంటాయి."

"అవి అవతల పారెయ్."

"రేపు మాపిటికి చూస్తానన్నారు."

"అన్నా."

"గడువు పెంచేది లేదు గదా?"

"పోటీవాళ్ళను అడుగు, పెంచుతారేమో."

ఓబుళపతి చొక్కా చేతులు పైకి మడిచాడు. మోటారు ట్రిమ్మరు తీగ చుట్టి సంచిలో పెట్టేశాడు. చక్రం ఉన్నదీ పెట్టేశాడు. నల్లపిడిది చేతిలోకి తీసుకుని మొదటి ఖోకా ఎత్తాడు. కొలిచాడు. కురచ. పారేశాడు. రెండోది కొలిచాడు.

మోటారు ఉన్నా లేకున్నా కొలవడం తప్పదు. ఆ పని తప్పించే మిషను ఇంకా పుట్టలేదు.

ఆ సాయంత్రం అతని బొటనవేలి మీద నీటిబొబ్బ లేచింది. మర్నాడు అది పగిలింది. గుడ్డ చుట్టుకుని తిప్పాడు. మధ్యాహ్నం ఉస్తాదు భార్య అన్నం పెట్టి, "తినప్పా, ఇత్తడి యాడికీ పారిపోదు," అంది. నిలబడే నాలుగు ముద్దలు తిన్నాడు. అంతసేపూ ఉస్తాదు కొట్టం బయట కుర్చీలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నాడు. ఒక్కసారి కూడా లోపలికి తొంగి చూడలేదు.

శనివారం పొద్దు వాలేవేళకు ఓబుళపతి నింపిన తూటాలన్నీ వరసగా పేర్చాడు. ఉస్తాదు ఒక్కొక్కటీ తుపాకిలో పెట్టి చూశాడు. ఒక్క వేలితో బోల్టు మూశాడు, తీశాడు. చివరిది కూడా అట్లాగే ఒక్క వేలికే మూతపడింది.

బాగుందని అనలేదు. ఆ మాట ఆయన ఎవరితోనూ అనడు.

ఆదివారం ఓబుళపతి కాల్చాడు. అట్ట తెచ్చి ఉస్తాదు ముందు పెట్టాడు. ఉస్తాదు దాని మీద అరచెయ్యి పెట్టాడు. గుండ్లు పడిన చిల్లులన్నీ చేతి కిందికి వచ్చేశాయి. చెయ్యి తీసి, అట్ట మడిచి చంకలో పెట్టుకుని నడిచాడు. రాష్ట్రం పోటీకి పోయేవాళ్ళ పేర్లు మైకులో చదువుతుంటే ఆగలేదు.

ఓబుళపతి తన పేరు విన్నాడు. వంగి, పేలిన ఖోకాలన్నీ ఏరుకున్నాడు. ఇంకా వేడిగా ఉన్నాయి. అంతలో ఊరికి పోయే బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తెలిసినవాడే. "ఏమప్పా, గెలిచినావంట? రా, ఎక్కు!" అని పిలిచాడు.

"ఇంటికి కాదన్నా," అన్నాడు ఓబుళపతి. ఖోకాలు తువ్వాల్లో మూటగట్టుకుని ఉస్తాదు కొట్టం వైపు నడిచాడు. ప్రెస్సు ఉన్న వైపు.